ఉరుము ఎంత దూరం

సిరొంచ బస్టాండు ఎనుక
జిరాక్సు దుకాణానికీ చెప్పుల దుకాణానికీ నడుమ
మూడడుగుల జాగ నాది.
బోర్డు మీద మరాఠీల ఒక వరస,
దాని కింద తెలుగుల "గడియారములు బాగుచేయబడును."
అందుల "బా" పోయిన వానకాలం కడుక్కపోయింది.

నిన్న సరూబాయి వచ్చింది, పడవ పోచం బిడ్డ.
కొంగుముడి విప్పితే
నలిగిన పదినోట్ల నడుమ
రెండు మీటల చేతిగడియారం.
అద్దం మబ్బుపట్టింది. పెద్ద పళ్ళెంల మూడు చిన్న పళ్ళేలు.
రేడియం అంకెలు మాడిన బెల్లం రంగుకు తిరిగినయి.
అంచు పొంటి ఎర్రగీత, గీత మీద కిలోమీటర్లు.

ఇసొంటివి ఎవలకోసం చేసిండ్రో నాకెరుకే.
మా ఉస్తాదు కాడ చెదలు వదిలేసిన క్యాటలాగు ఒకటి ఉండె:
మంచుకొండ ఎక్కేటోడు, విమానం తోలేటోడు,
సముద్రం అడుగుకు దిగేటోడు, మోటరు పందెంల ఉరికించేటోడు.
అందరికీ ఒకటే దవడ,
అందరూ ఎటో దూరం చూస్తుండేటోళ్ళు.
గెడ ఏసేటోని బొమ్మ మాత్రం ఏ పేజీల లేకుండె.

ఎనుక మూత తిప్పిన.
గడియారం చరిత్ర మొఖం మీద ఉండదు,
మూత లోపట ఉంటది.
విప్పిన ప్రతి మేస్త్రీ సూదితోని గీకిపోతడు:
ఏదో చలిదేశపు అక్షరాలు, యుద్ధం నడిమి సంవత్సరం.
బొంబాయి, యాభై రెండు, పొడి సంతకం.
నాగపూర్, అరవై ఒకటి, "నీళ్ళు పోయినయి" అని హిందీల.
చాందా, డెబ్బై.
ఆఖరుకు వంకరగ ఒక తెలుగు "గ",
మా ఉస్తాదు గాజెంగి రాజలింగుది,
ఎనభై ఆరు, గోదారి ఊళ్ళెకు వచ్చిన ఏడు.

సరూబాయి చెప్పింది:
టేకు డిపోల ఒక దొర ఉండెనంట.
ఏరు పొంగిన రాత్రి ఆయన పెండ్లానికి నొప్పులస్తే
నాయిన ఆవలి ఒడ్డుకు దాటించిండు.
పైసలు వద్దంటే చేతిది ఊడదీసి ఇచ్చిండు.
రెండేండ్లు ఆ మీటలు ముట్టలేదు నాయిన,
పేలుతదేమోనని.

ఉస్తాదే నేర్పిండు తర్వాత:
మెరుపు కనబడంగనే నొక్కు,
ఉరుము ఇనబడంగనే మళ్ళ నొక్కు,
ఎర్రముల్లు ఆగిన కాడ చూడు,
పిడుగు నీకు అంత దూరంల ఉన్నది.
ఫిరంగి ఎక్కడ పేలిందో పసిగట్టేటందుకు గీసిన గీతంట అది.
పోచం దాంతోని పడవ విప్పాల్నా కట్టాల్నా చూసేది.
పది దాటితే విప్పుడే.
ఐదు లోపలయితే మేకలైనా, పెండ్లోళ్ళైనా,
తుపాకులున్న సార్లైనా
ఇసుకల గూసోవాలె.
"ముప్ఫై ఏండ్లు, ఒక్క పానం ఏటికియ్యలే" అన్నది.
కొంచెం ఆగి సదిరింది:
"ఒక మేకపోతు పోయింది."

ఇప్పుడు వంతెన ఉన్నది.
వంతెన మీంచి కారుల వచ్చిన హైదరాబాదాయన
మూడు లక్షలంటున్నడంట.
తుడవద్దంటడు, మచ్చలకే ధరంటడు.
"ఇస్తవా?"
"ముందుగాల నడవనియ్యి."

లోపట ఆరు బురుజుల చక్రం,
శనగగింజంత.
మన కోట బురుజులు కూలినయి గని ఇవి కూలలే.
ఒక బురుజు సందుల ఇసుకరేణువు ఇరికి ఉన్నది.
చిమటాతోని తీసి కాగితం మీద పెట్టిన.
సరూబాయి దాన్ని గూడ కొంగుల ముడేసుకున్నది.

పొద్దుగూకే యాళ్ళకు మిరుగు మబ్బు లేచింది.
బస్తర్ దిక్కు మెరిసింది.
ఇద్దరం ఒక్కపారే చెయ్యి చాపినం, ఆమె నొక్కింది.
ఎర్రముల్లు కదిలింది.
పది. ఇరవై.
జిరాక్సు పోరడు మిషిను ఆపిండు.
ఇరవై కిలోమీటర్ల కాడ గీత ఒడిసిపోయింది,
ముల్లు మళ్ళ మీదికెల్లి మొదలువెట్టింది,
చిన్న పళ్ళెంల ఒకటి పడ్డది.
"వస్తదంటవా?" అన్నడు పోరడు.
సరూబాయి బొటనవేలు మీట మీదనే ఉన్నది.
మూత నా ఎడమచేతిల ఉన్నది.
నా అక్షరం ఇంకా గీకలే.